సెమీకండక్టర్ పరిశ్రమ – మన ఇంజనీర్లకు ఉద్యోగావకాశాలు



హోసూరు ప్రాంతంలో పూలతోట సాగుచేసే ఒక రైతు ఈమధ్య మా ఇంటికి వచ్చారు. వారి అబ్బాయి మా బడిలోనే పదో తరగతి దాకా తెలుగు మాధ్యమంలో చదివి, ఇప్పుడు బి.ఇ. ఎలక్ట్రానిక్స్ చివరి సంవత్సరంలో ఉన్నాడు. "అయ్యవారూ, బెంగుళూరులో ఆరు నెలల కోర్సంట. చేరితే చిప్పుల కంపెనీలో ఉద్యోగం ఖాయమంట. రెండు లక్షలు కట్టమంటున్నారు. తోట మీద అప్పు తెచ్చి కట్టేదా, వద్దా? మీరే చెప్పాల" అన్నారు. నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. వారం రోజులు గడువు అడిగి, ఆ రంగంలో పనిచేస్తున్న మా పాత విద్యార్థులను విచారించాను. అలా తెలుసుకున్న విషయాలనే ఈనాటి ప్రసంగంలో మీ ముందుంచుతున్నాను.

రాగితీగ విద్యుత్తును ధారాళంగా పోనిస్తుంది. గాజు పోనివ్వదు. ఈ రెంటికీ మధ్యస్థంగా ఉండే పదార్థాలను అర్ధవాహకాలు, అంటే సెమీకండక్టర్లు, అంటారు. వీటిలో ముఖ్యమైనది సిలికాన్. దానికి బోరాన్, ఫాస్ఫరస్ వంటి మూలకాలను అతి స్వల్పంగా కలిపితే, విద్యుత్తు ఎప్పుడు పారాలో ఎప్పుడు ఆగాలో మనం నిర్ణయించవచ్చు. 1947లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో మొదటి ట్రాన్సిస్టర్ పుట్టింది. 1958లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ కంపెనీ ఇంజనీరు జాక్ కిల్బీ అనేక భాగాలను ఒకే ముక్క మీద అమర్చి చూపించారు. నేడు గోరంత చిప్పు మీద వందల కోట్ల ట్రాన్సిస్టర్లు ఇముడుతున్నాయి.

ఈ పరిశ్రమను ఇల్లు కట్టడంతో పోల్చుకుంటే సులభంగా అర్థమవుతుంది. ప్లాను గీసేవారు వేరు, గోడలు లేపేవారు వేరు, తలుపులు బిగించి అంతా సరిగా ఉందా అని చూసేవారు వేరు. చిప్పులలోనూ అంతే. రూపకల్పన, తయారీ, ఆ తరువాత కూర్పు, పరీక్ష.

మన దేశంలో చిరకాలంగా ఉద్యోగాలున్నది రూపకల్పనలో. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ 1985లోనే బెంగుళూరులో తన కేంద్రాన్ని తెరిచింది. ఇప్పుడు ఇంటెల్, క్వాల్‌కామ్, ఎన్విడియా వంటి సంస్థలకు బెంగుళూరు, హైదరాబాదు నగరాలలో పెద్ద కేంద్రాలున్నాయి. చిప్పు ఏ పని ఎలా చేయాలో వెరిలాగ్ వంటి భాషలో రాసేవారు కొందరు. ఆ రాతను ట్రాన్సిస్టర్లుగా, తీగెలుగా చిప్పు మీద ఎక్కడెక్కడ అమర్చాలో చూసేవారు మరికొందరు. వీరందరి పనిలో తప్పులు వెదికేవారిని వెరిఫికేషన్ ఇంజనీర్లు అంటారు. వీరి అవసరం చాలా ఎక్కువ. ఎందుకంటే, సాఫ్ట్‌వేర్‌లో తప్పు దొర్లితే మరునాడు దిద్దుకోవచ్చు. చిప్పు అచ్చయిన తరువాత తప్పు బయటపడితే మళ్ళీ అచ్చులు చేయించాలి. కోట్ల రూపాయలు, నెలల కాలం వృథా అవుతాయి. ఈ ఉద్యోగాలకు ఎలక్ట్రానిక్స్, ఎలక్ట్రికల్, కంప్యూటర్ సైన్సు చదివినవారిని తీసుకుంటారు. గేట్ పరీక్ష రాసి, మంచి సంస్థలో ఎం.టెక్. చేసినవారికి దారి మరికొంత సులువు.

ఇక తయారీ. ఈ కర్మాగారాన్ని ఫ్యాబ్ అంటారు. పళ్ళెంలాంటి సిలికాన్ బిళ్ళ మీద వందలాది దశలలో పని జరుగుతుంది. బిళ్ళ లోపలికి వెళ్ళి చిప్పులుగా బయటికి రావడానికి రెండు మూడు నెలలు పడుతుంది. దుమ్ము కణం పడినా చిప్పు పాడవుతుంది గనుక గాలిని, నీటిని అత్యంత శుద్ధిగా ఉంచాలి. అందుకే ఇక్కడ కెమికల్, మెకానికల్, మెటలర్జీ ఇంజనీర్లకు, భౌతికశాస్త్రం చదివినవారికి కూడా చోటుంది. ఈ సంగతి మన తల్లిదండ్రులలో చాలామందికి తెలియదు.

ఫ్యాబ్ మనకు కొత్త కాదు. మొహాలీలోని సెమీకండక్టర్ కాంప్లెక్స్ 1984లో ఉత్పత్తి మొదలుపెట్టింది. 1989లో జరిగిన అగ్నిప్రమాదం దాన్ని బాగా వెనక్కి నెట్టింది. అయినా అంతరిక్ష అవసరాలకు ఆ సంస్థ ఇప్పటికీ చిప్పులు తయారుచేస్తోంది. కేంద్ర ప్రభుత్వం 2021 డిసెంబరులో 76,000 కోట్ల రూపాయల పథకాన్ని ఆమోదించాక కదలిక పెరిగింది. గుజరాత్‌లోని ధోలేరాలో టాటా సంస్థ తైవాన్‌కు చెందిన పవర్‌చిప్‌తో కలిసి 91,000 కోట్ల వ్యయంతో కట్టే ఫ్యాబ్‌కు 2024లో ఆమోదం లభించింది.

మూడవది కూర్పు, పరీక్ష. బిళ్ళను ముక్కలుగా కోసి, తీగెలు కలిపి, తొడుగు వేసి, ఒక్కొక్క చిప్పునూ పరీక్షించే పని ఇది. గుజరాత్‌లోని సానంద్‌లో మైక్రాన్, అస్సాంలోని జాగీరోడ్‌లో టాటా ఈ పనికి పూనుకున్నాయి. ఒడిశాలో ఉన్న మన శ్రోతలకు ఒక మాట. భువనేశ్వర్‌లో సిలికాన్ కార్బైడ్ చిప్పుల కర్మాగారానికి 2025 ఆగస్టులో అనుమతి వచ్చింది. అప్పుడే ఆంధ్రప్రదేశ్‌లోనూ ఒక కూర్పు కర్మాగారానికి అనుమతి ఇచ్చారు. ఇలాంటి చోట్ల డిప్లొమా చదివినవారికి కూడా అవకాశాలుంటాయి. అయితే రాత్రి షిఫ్టులకు, ఇంటికి దూరంగా ఉండడానికి సిద్ధపడాలి.

ఇప్పుడు జాగ్రత్తల సంగతి. ఈ పరిశ్రమలో ఎత్తుపల్లాలు ఎక్కువ. 2021లో చిప్పులు చాలక కార్ల కర్మాగారాలు ఆగిపోయాయి. 2023 వచ్చేసరికి మెమరీ చిప్పులకు గిరాకీ పడిపోయి కంపెనీలు మనుషులను తగ్గించుకున్నాయి. కాబట్టి ఉద్యోగం ఖాయమని ముందుగానే చెప్పగలవారెవరూ లేరు. ఏ శిక్షణ సంస్థలోనైనా డబ్బు కట్టేముందు, కిందటి ఏడాది చేరినవారు ఎందరు, వారిలో ఉద్యోగాలు వచ్చినవారు ఎందరు అని అడగండి. వారిలో ఇద్దరు ముగ్గురితో స్వయంగా మాట్లాడండి. ఉద్యోగం రాకపోతే రుసుము తిరిగి ఇస్తామంటే, ఆ మాట కాగితం మీద రాయించుకోండి.

డబ్బు లేకుండా నేర్చుకునే మార్గాలు కూడా ఉన్నాయి. ఐ.ఐ.టి.ల ఆచార్యులు చెప్పే ఎన్.పి.టి.ఇ.ఎల్. పాఠాలను ఇంటర్నెట్‌లో ఉచితంగా వినవచ్చు. వెరిలాగ్ రాసి పరీక్షించుకోవడానికి ఐకారస్ వంటి ఉచిత సాధనాలున్నాయి. 85,000 మందికి చిప్పు రూపకల్పన నేర్పాలన్న లక్ష్యంతో కేంద్ర ప్రభుత్వం చిప్స్ టు స్టార్టప్ అనే కార్యక్రమం నడుపుతోంది. మీ కళాశాల అందులో ఉందేమో విచారించండి.

మరొక భయం భాషది. మన సరిహద్దు పిల్లలకు ఇంట్లో తెలుగు, వీధిలో తమిళమో కన్నడమో. ఇంగ్లీషు ఆ తరువాత వస్తుంది. దానికి కుంగిపోనక్కరలేదు. సర్క్యూట్‌ను ముందు తెలుగులోనే ఆలోచించి అర్థం చేసుకోండి. తరువాత ప్రతిరోజూ పది నిమిషాలు అదే విషయాన్ని పైకి ఇంగ్లీషులో చెప్పడం అలవాటు చేసుకోండి. ఇంటర్వ్యూలో వారు చూసేది ముఖ్యంగా అర్థమయిందా లేదా అన్నదే.

ఆ రైతుకు నేను చెప్పింది ఇంతే. "ఇప్పుడే కట్టొద్దప్పా. మూడు నెలలు వాడిని ఉచిత పాఠాలతో కూర్చోబెట్టు. ఆసక్తి నిలిస్తే అప్పుడు చూద్దాం." వారు తోట మీద అప్పు తేలేదు. అబ్బాయి నాలుగు రోడ్ల కూడలిలో ట్రాఫిక్ దీపాలు నడిపే చిన్న సర్క్యూట్‌ను వెరిలాగ్‌లో రాశాడు. మొదటిసారి రెండు వైపులా ఒకేసారి పచ్చదీపం వెలిగిందట. తప్పు ఎక్కడుందో రెండు రాత్రులు కూర్చుని తానే పట్టుకున్నాడు. ఆ సంగతి చెప్పడానికే మా ఇంటికి వచ్చాడు. ఉద్యోగం ఇంకా రాలేదు. ఇప్పుడు గేట్ పరీక్షకు చదువుతున్నాడు.