చర్మం రంగు ఎందుకు మారుతుంది?

క్యాన్సర్ ముదిరిన వారిని చూచి "మనిషి రంగే మారిపోయింది" అని పెద్దలు అనుకోవడం మీరు వినే ఉంటారు. ఈ మార్పు ఎలా వస్తుందో తెలుసుకుందాం.

మన చర్మానికి ముఖ్యంగా రెండింటి వల్ల రంగు వస్తుంది. ఒకటి చర్మంలో తయారయ్యే మెలనిన్. రెండవది చర్మం కింది సన్నని నాళాల్లో ప్రవహించే రక్తం.

క్యాన్సర్ ఎముకల మజ్జకు పాకితే ఎర్రకణాల తయారీ తగ్గుతుంది. అప్పుడు మనిషి పాలిపోతాడు. కొన్ని క్యాన్సర్ మందులు, రేడియేషన్ చికిత్స చర్మాన్ని నల్లబరుస్తాయి.

పచ్చబడటం సంగతి వేరు. ఎర్రకణం సుమారు 120 రోజులు బ్రతుకుతుంది. అది నశించినప్పుడు బిలిరుబిన్ అనే పసుపుపచ్చని పదార్థం ఏర్పడుతుంది. కాలేయం దీనిని పైత్యరసంలో కలిపి ఒక నాళం ద్వారా పేగులోకి పంపుతుంది. క్లోమంలో పెరిగిన గడ్డ ఆ నాళాన్ని నొక్కిందనుకోండి. తూము మూసుకుపోతే నీరు చెరువులోనే నిలిచినట్లు, బిలిరుబిన్ రక్తంలో నిలిచిపోతుంది. కళ్ళు, చర్మం పచ్చబడతాయి. ఒళ్ళంతా దురద పెడుతుంది. మూత్రం ముదురు రంగులో, మలం సుద్దలా పాలిపోయి ఉంటాయి.

కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో కళ్ళు పచ్చబడితే 'పసిరికలు' అంటాం. పసిరికలన్నీ క్యాన్సర్ కాదు. కాలేయానికి వైరస్ సోకినా వస్తాయి. ఆదిలాబాద్ గోండు గూడేల్లో కనిపించే సికిల్ సెల్ వ్యాధిలోనూ కళ్ళు పచ్చబడతాయి. ఏది ఏదో రక్తపరీక్ష, స్కానింగు చేస్తేనే తెలుస్తుంది.

చాలామంది ముందుగా పసరు మందుకు వెళతారు. వైరస్ వల్ల వచ్చిన కామెర్లు చాలావరకు వాటంతటవే తగ్గుతాయి. పేరు మాత్రం పసరుకు వస్తుంది! నాళానికి పడ్డ అడ్డు ఏ పసరుతోనూ తొలగదు. ఈలోగా విలువైన వారాలు గడిచిపోతాయి. అందుచేత ఇంట్లో ఎవరికైనా కళ్ళు పచ్చబడితే వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళమని చెప్పండి. చామనఛాయ, నల్లని చర్మాలపై పసుపు రంగు సులభంగా తెలియదు. పగటి వెలుగులో కంటి తెల్లగుడ్డు చూడండి.

చివరి రోజుల్లో గుండె బలహీనపడి, చేతులకు, కాళ్ళకు రక్తం సరిగా అందదు. అవి చల్లబడి, నీలి మచ్చలు తేలుతాయి. ఇది చూచి దూరం జరగకండి. క్యాన్సర్ తాకితే అంటుకునేది కాదు. ఆ చేయి పట్టుకొని దగ్గర కూర్చోండి.