ఖల్లివెల్లి

*వీసాతో విమానం ఎక్కినవాళ్లే కాగితం లేని మనుషులుగా మిగులుతున్నారు. కఫీల్ ఒక్క ఫిర్యాదు చేసినా, కాలేజీ ఒక్క నమోదు రద్దు చేసినా విదేశంలో బతికే హక్కు పోతుంది. అది ఎలా పోతుంది, పోయాక బతుకు ఎలా ఉంటుంది, తిరిగి రావడానికి దారులేమిటి?*

విదేశంలో బతికే మనిషికి మూడు వేర్వేరు ఆధారాలు కావాలి. అతడు ఏ దేశస్థుడో పాస్‌పోర్టు చెబుతుంది. పరాయి దేశపు గడప దాటనిచ్చేది వీసా. అక్కడ ఉండడానికి, పనిచేయడానికి హక్కు ఇచ్చేది మూడోది. సౌదీలో దాన్ని అకామా అంటారు. ఎమిరేట్స్‌లో, కువైట్‌లో మనవాళ్లు బతాకా అంటారు. అమెరికాలో దాని పేరు స్టేటస్. పేరు ఏదైనా, అది ప్రధానంగా ప్రభుత్వ కంప్యూటర్లలో ఉండే నమోదు. పాస్‌పోర్టు జేబులోనే ఉన్నా, ఈ మూడోది పోయిన రోజు నుంచి ఆ మనిషి చట్టం దృష్టిలో అక్కడ ఉండకూడనివాడు.

గల్ఫ్‌లో ఇలాంటివారిని తెలంగాణ కార్మికులు ఖల్లివెల్లి అంటారు. అరబ్బీ వాడుకలో ఆ మాటకు ‘పోనీ, వదిలెయ్’ అని అర్థం. కంపెనీని వదిలి బయటపడి, ఎవరి లెక్కలోనూ లేకుండా బతికేవాడికి అదే పేరై నిలిచింది. ఇప్పుడది ఊళ్లలో కూడా తెలిసిన మాట. ‘మావాడు ఖల్లివెల్లి అయిండు’ అని తండ్రి చెబితే వినేవాళ్లకు ఇంకేమీ వివరించక్కర్లేదు.

గల్ఫ్‌లో ఖల్లివెల్లి అయిన తెలుగువారు దొంగదారిన దేశం దాటినవాళ్లు కారు. విమానం దిగి, పాస్‌పోర్టుపై ముద్ర వేయించుకుని, చట్టప్రకారమే లోపలికి వెళ్లినవాళ్లు. అక్కడ ఉండే హక్కు వాళ్ల పేరు మీదే ఉన్నా, దాన్ని నిలిపే అధికారం మరొకరి చేతిలో ఉంటుంది. ఈ సమస్యకు మూలం అక్కడే ఉంది.

గట్టు దాటితే మారే చట్టం

హైదరాబాద్–విజయవాడ జాతీయ రహదారిపై సూర్యాపేటకూ కోదాడకూ మధ్య ఉన్న మునగాలకు సరిహద్దు అంటే ఏమిటో పాతకాలం నుంచీ తెలుసు. చుట్టూ నిజాం రాజ్యం ఉండగా, మునగాల పరగణా బ్రిటిష్ వారి కృష్ణా జిల్లాలో భాగంగా ఉండేది. పక్క ఊరికి పోతే రాజ్యం మారేది, పోలీసు మారేవాడు, నాణెం కూడా మారేది. ఇటు కల్దారు, అటు హాలీ సిక్కా. అదే మనిషికి, అదే నేల మీద, గట్టుకు ఇటు ఒక చట్టం, అటు ఒక చట్టం.

విదేశాలకు వెళ్లేవారికి ఇప్పుడు అలాంటి గట్టు దేశపు సరిహద్దే. నేడు మునగాల ప్రాంతం సాగర్ ఎడమ కాలువ నీళ్లతో వరి పండే సీమ. మిర్యాలగూడ రైస్ మిల్లులు, కోదాడ, సూర్యాపేటల ఇంజినీరింగ్ కాలేజీలు ఇక్కడి బతుకుతెరువుకు రెండు గుర్తులు. గల్ఫ్ వలస అనగానే జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ గుర్తొస్తాయి. ఈ వైపు చదువుకున్న పిల్లల చూపు ఎక్కువగా అమెరికా మీద. దారులు వేరైనా రెండుచోట్లా వెనక ఉండేది అప్పే. ఒక ఇంట్లో ఏజెంటు కోసం వడ్డీకి తెచ్చిన డబ్బు, మరో ఇంట్లో పొలం తాకట్టు పెట్టి తీసిన చదువు రుణం. హక్కు పోయాక కూడా మనిషి వెంటనే వెనక్కి రాలేకపోవడానికి ఈ అప్పే మొదటి కారణం.

కఫీల్ చేతిలో అకామా

గల్ఫ్ దేశాల్లో పరాయి కార్మికుడి నివాసం కఫాలా పద్ధతిపై నడిచింది. ఒక స్థానిక యజమాని, అంటే కఫీల్, పూచీపడితేనే కార్మికుడికి నివాస అనుమతి. అకామా తీయించాల్సింది, గడువు తీరేలోగా కొత్తది చేయించాల్సింది అతడే. కంపెనీ మూతపడినా, యజమాని రుసుము కట్టకుండా ఎగ్గొట్టినా నష్టపోయేది కార్మికుడు. దారిలో పోలీసు ఆపి అడిగినప్పుడు గడువు తీరిన కార్డు చూపించాల్సింది అతడే.

హక్కు పోయే దారుల్లో అందరికీ తెలిసినది పారిపోవడం. చెప్పిన జీతం ఇవ్వకపోయినా, డ్రైవర్ పని అని తీసుకెళ్లి ఎడారిలో గొర్రెలు కాయమన్నా, కొట్టినా కార్మికుడు బయటికి వచ్చేస్తాడు. యజమాని అతడు పరారయ్యాడని ఫిర్యాదు చేస్తాడు. సౌదీలో దాన్ని హురూబ్ అంటారు. ఒకసారి హురూబ్ పడితే అకామా పనికిరాదు, మరొకచోట చేరడం కుదరదు, మామూలుగా దేశం విడిచి రావడం కూడా కుదరదు. జీతం అడిగినందుకు కక్షతో హురూబ్ పెట్టించిన యజమానులూ ఉన్నారు.

రెండో దారి ఆజాద్ వీసా. పేరుకు ఒక కఫీల్ ఉంటాడు, అతని దగ్గర పని ఉండదు. ఏటా అతనికి డబ్బు కట్టి, నచ్చినచోట పని చేసుకోవచ్చని ఏజెంటు చెబుతాడు. అలాంటి వీసా ఏ చట్టంలోనూ లేదు. ఒకరి పూచీ మీద వచ్చి మరొకరి దగ్గర పనిచేయడం అక్కడ నేరం. స్థానికులకు ఉద్యోగాల్లో వాటా నిర్ణయిస్తూ 2011లో సౌదీ తెచ్చిన నితాఖత్ విధానం తర్వాత 2013లో తనిఖీలు ముమ్మరమైనప్పుడు ఆజాద్ వీసాలవాళ్లే ఎక్కువగా వణికిపోయారు.

మూడోది విజిట్ వీసా. పనికోసం వెళ్తూ చూడ్డానికి వెళ్తున్నట్టు కాగితం. అక్కడ దిగాక పని వీసాగా మారుస్తామని మాట ఇస్తారు. మార్చకపోతే గడువు తీరిన మర్నాటి నుంచే జరిమానా లెక్క మొదలవుతుంది. ఎమిరేట్స్‌లో ఆ లెక్క రోజుకు 50 దిర్హాములు. ఏడాది గడిస్తే 18,250 దిర్హాములు. మేస్త్రీ పనిచేసే మనిషి ఎన్నటికీ కట్టలేని మొత్తం అది. జరిమానా కట్టలేక ఇంటికి రాలేడు, రాకపోవడం వల్ల జరిమానా పెరుగుతూ పోతుంది.

కఫాలా పట్టు కొంత సడలింది. ఖతార్ 2020లో ఉద్యోగం మారడానికి పాత యజమాని అనుమతి అక్కర్లేకుండా చేసింది. సౌదీ 2021 మార్చిలో కొన్ని షరతులతో అదే వెసులుబాటు ఇచ్చింది. అయితే సౌదీలో ఇళ్లలో పనిచేసేవారు, ఇంటి డ్రైవర్లు, గొర్రెల కాపరులు ఆ మార్పు పరిధిలోకి రాలేదు. ఎవరికి ఎక్కువ అవసరమో వారికే అది అందలేదు.

కాలేజీ చేతిలో స్టేటస్

అమెరికాలో చదువుకునే విద్యార్థి ఉనికి సెవిస్ అనే ప్రభుత్వ నమోదులో ఉంటుంది. దాన్ని ఎప్పటికప్పుడు నింపేది కాలేజీ అధికారి. పూర్తి స్థాయిలో కోర్సులు చదవాలి, తరగతులు జరిగే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పనిచేయకూడదు, బయట అనుమతి లేకుండా పనే చేయకూడదు. అద్దె కట్టడానికి గ్యాస్ స్టేషన్‌లోనో హోటల్లోనో చేతికి డబ్బులు తీసుకుని పనిచేసిన కుర్రవాడు ఆ రోజే నియమం తప్పినట్టు.

చదువు అయ్యాక ఓపీటీ కింద 12 నెలలు, సైన్స్, ఇంజినీరింగ్ చదివినవారికి మరో 24 నెలలు పనిచేసే వీలుంటుంది. తొలి ఏడాదిలో పని లేకుండా మొత్తం 90 రోజులు దాటకూడదు. హెచ్-1బీ ఉద్యోగ వీసాపై ఉన్నవారి ఉద్యోగం పోతే మరో కంపెనీ వెతుక్కోవడానికి సాధారణంగా 60 రోజులే గడువు. ఆ రోజులు గడిచాయంటే కారు, అద్దె ఇల్లు, బడికి పోయే పిల్లలు ఉన్న మనిషి కూడా స్టేటస్ లేనివాడే.

తెలుగు ఇళ్లను కుదిపిన రెండు ఘటనలు ఈ రంగంలోవే. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ప్లెజంటన్‌లో ట్రై-వ్యాలీ యూనివర్సిటీపై విద్యార్థి వీసాల మోసం కేసులో అధికారులు దాడి చేశారు. అక్కడ చేరినవారిలో అత్యధికులు భారతీయులు, వారిలో ఎక్కువమంది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పిల్లలు. కొందరి కాళ్లకు కదలికలు కనిపెట్టే రేడియో పట్టీలు తగిలించారు. ఆ సంస్థ స్థాపకురాలికి 2014లో 16 ఏళ్లకు పైగా జైలు శిక్ష పడింది. విద్యార్థుల్లో చాలామందికి మాత్రం చదువు, డబ్బు, ఏళ్లు మూడూ పోయాయి.

రెండోది 2019 జనవరి నాటి ఫార్మింగ్టన్ యూనివర్సిటీ. మిషిగన్‌లోని ఆ సంస్థను వీసా మోసాలను పట్టే వలగా నడిపింది స్వయంగా అమెరికా ఇమిగ్రేషన్ అధికారులే. అధ్యాపకులు లేరు, తరగతులు లేవు. మొదట పట్టుబడిన 130 మంది విద్యార్థుల్లో 129 మంది భారతీయులు. ఆ ఏడాది చివరికి అరెస్టుల సంఖ్య దాదాపు 250కి చేరింది. పిల్లలను చేర్పించారని అరెస్టయిన ఎనిమిదిమంది దళారులూ తెలుగువారేనని అప్పటి పత్రికలు రాశాయి. తప్పు తెలిసే చేరినవారు అందులో ఉండవచ్చు. ప్రభుత్వ గుర్తింపు జాబితాలో పేరు చూసి నమ్మి ఫీజు కట్టినవారూ ఉన్నారు. ఒక విద్యార్థి వేసిన దావా ముందుకు సాగవచ్చని 2024లో ఫెడరల్ అప్పీళ్ల కోర్టు తేల్చింది.

అన్ని నియమాలూ పాటించినా ఒక్కోసారి నమోదు మాయం కావచ్చు. 2025 ఏప్రిల్‌లో వేలమంది విద్యార్థుల సెవిస్ నమోదులు ఉన్నట్టుండి రద్దయ్యాయి. పాత ట్రాఫిక్ కేసుల వంటి చిన్న కారణాలకే రద్దయినవి వాటిలో ఉన్నాయి. కోర్టులకు వెళ్లాక ఆ నెలాఖరులో ప్రభుత్వం వాటిని పునరుద్ధరించడం మొదలుపెట్టింది.

లెక్కలో లేని బతుకు

హక్కు పోయిన మనిషికి మొదట పోయేది గొంతు. చేసిన పనికి డబ్బు ఇవ్వకపోతే ఫిర్యాదు చేయలేడు. ఫిర్యాదు చేయాలంటే ముందు తన కాగితం చూపించాలి. ఈ సంగతి తెలిసిన గుత్తేదారు మార్కెట్ కూలి కంటే తక్కువ ఇస్తాడు, కొన్నిసార్లు నెల చివర అదీ ఇవ్వడు. జ్వరం వస్తే ఆసుపత్రికి పోవడానికి భయం. బ్యాంకు ఖాతా ఉండదు, ఇంటికి డబ్బు స్నేహితుడి పేరు మీదో హుండీలోనో పంపాలి. సిమ్ కార్డు కూడా ఇంకొకరిదే. గదిలో మంచం దొరికినా తనిఖీ మాట వినబడితే ఆ రాత్రి వేరేచోట తలదాచుకోవాలి.

అమెరికాలో ఇదే బతుకు మరో రూపంలో సాగుతుంది. డ్రైవింగ్ లైసెన్సు కొత్తది చేయించుకోవడం కష్టమవుతుంది. దేశం దాటితే తిరిగి రానివ్వరు కనుక తల్లి పోయినా, చెల్లెలి పెళ్లయినా ఊరికి రాలేరు. ఫోన్‌లోనే చూసుకోవాలి.

చావు తర్వాత కూడా ఈ లెక్క వదలదు. అకామా ఉన్న కార్మికుడు పోతే శవాన్ని పంపే బాధ్యత యజమానిది. ఖల్లివెల్లి పోతే ముందు అతడెవరో తేల్చాలి, పాత కఫీల్‌ను వెతకాలి, హురూబ్ తీయించాలి. ఊళ్లో ఇల్లాలు వారాలు, ఒక్కోసారి నెలలు పెట్టె కోసం ఎదురుచూస్తుంది.

తిరుగుదారులు

గల్ఫ్‌లో తిరుగుదారి ఎక్కువగా క్షమాభిక్షతోనే తెరుచుకుంటుంది. మనవాళ్లు దాన్ని ఆమ్నెస్టీ అనే అంటారు. ఎమిరేట్స్ 2007, 2012, 2018, 2024 సంవత్సరాల్లో ప్రకటించింది. చివరిది 2024 సెప్టెంబర్ 1న మొదలై డిసెంబర్ 31 దాకా సాగింది. అప్పుడు జరిమానా లేకుండా, మళ్లీ రాకూడదన్న నిషేధం లేకుండా వెళ్లనిచ్చారు. సౌదీ 2013లో నవంబర్ 3 దాకా గడువిచ్చింది, 2017లో మరోసారి అవకాశం ఇచ్చింది. కువైట్ 2018, 2020, 2024ల్లో ఇచ్చింది. 2020 ఏప్రిల్‌లో కువైట్ టికెట్ కూడా తానే పెట్టుకుంటానంది. కరోనా వల్ల మన దేశానికి విమానాలు ఆగిపోవడంతో నమోదు చేసుకున్నవారు శిబిరాల్లో వారాల తరబడి ఉండాల్సి వచ్చింది.

పాస్‌పోర్టు యజమాని దగ్గరే ఉండిపోయినవారికి భారత రాయబార కార్యాలయం ఔట్‌పాస్ ఇస్తుంది. స్వదేశానికి ఒక్కసారి ప్రయాణించడానికి మాత్రమే పనికొచ్చే పత్రం అది. పాత పాస్‌పోర్టు నకలు ఇంట్లో ఉంటే ఈ పని త్వరగా అవుతుంది. టికెట్, న్యాయసహాయం, శవాల తరలింపు వంటి ఖర్చులకు రాయబార కార్యాలయాల్లో 2009 నుంచి భారతీయ సమాజ సంక్షేమ నిధి ఉంది. ఊరి నుంచే ఫిర్యాదు చేయడానికి విదేశాంగ శాఖ మదద్ పోర్టల్, హైదరాబాద్ ప్రజాభవన్‌లో 2024లో మొదలైన ప్రవాసీ ప్రజావాణి ఉన్నాయి. గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుల కుటుంబాలకు 5 లక్షల రూపాయల సాయం ఇవ్వాలని తెలంగాణ ప్రభుత్వం అదే ఏడాది ఉత్తర్వులిచ్చింది.

అమెరికాలో అలాంటి క్షమాభిక్ష లేదు. కాలమే అన్నిటికంటే ముఖ్యం. స్టేటస్ పోయిన విద్యార్థి సాధారణంగా ఐదు నెలల్లోపు, అనుమతి లేని పని చేయకపోయి ఉంటే, పునరుద్ధరణకు దరఖాస్తు చేయవచ్చు. ఆలస్యమైతే 1996 నాటి చట్టం అడ్డుపడుతుంది. అక్రమ నివాసం 180 రోజులు దాటాక దేశం వదిలితే 3 ఏళ్లు, ఏడాది దాటితే 10 ఏళ్లు తిరిగి రానివ్వరు. ఆ రోజులు ఎప్పటి నుంచి లెక్కకొస్తాయన్నది ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది. అందుకే మొదటి వారంలోనే ఇమిగ్రేషన్ లాయరును కలవడం అవసరం. కన్సల్టెన్సీవాడి మాట లాయరు సలహాతో సమానం కాదు.

బయల్దేరకముందే

హక్కు నిలబడే ఏర్పాట్లు చాలావరకు ఊళ్లో ఉండగానే చేసుకోవాలి. పదో తరగతి పాస్ కానివారి పాస్‌పోర్టు ఈసీఆర్ కోవలోకి వస్తుంది. గల్ఫ్ దేశాలు సహా 18 దేశాలకు పనికోసం వెళ్లాలంటే వారు 1983 వలస చట్టం కింద అనుమతి తీసుకోవాలి. ఆ దరఖాస్తు ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో నడుస్తుంది. కంపెనీ పేరు, పని, జీతం అక్కడ నమోదవుతాయి. లైసెన్సు ఉన్న ఏజెంటు 30,000 రూపాయలు, దానిపై పన్ను మించి తీసుకోకూడదు. అనుమతితో వెళ్లేవారికి ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద ప్రమాద మరణానికి, శాశ్వత వైకల్యానికి 10 లక్షల రూపాయల బీమా ఉంటుంది. రెండేళ్లకు ప్రీమియం 275 రూపాయలు. విజిట్ వీసాపై పనికి వెళ్లేవారికి ఈ రక్షణల్లో ఒక్కటీ ఉండదు.

అమెరికా వెళ్లే విద్యార్థి కాలేజీకి గుర్తింపు ఉందో లేదో చూస్తే సరిపోదు. తరగతులు నిజంగా జరుగుతున్నాయో లేదో, అక్కడ చదువుతున్నవారిని అడిగి తెలుసుకోవాలి. చేరిన మొదటి రోజు నుంచే పనికి పంపిస్తామనే కాలేజీని అనుమానించాలి. కాలేజీ అధికారి పంపే ప్రతి ఈమెయిలూ చదవాలి, చిరునామా మారిన వెంటనే సెవిస్ నమోదు కోసం తెలియజేయాలి.

ఎవరు ఎక్కడికి వెళ్లినా ఇంట్లో ఒక కవరు ఉండాలి. అందులో పాస్‌పోర్టు, వీసా, ఒప్పంద పత్రం నకళ్లు, అకామా నకలు లేదా కాలేజీ ఇచ్చిన ఐ-20 పత్రం నకలు, కంపెనీ లేదా కాలేజీ చిరునామా, ఏజెంటుకు కట్టిన డబ్బు రసీదు, అక్కడ తోడున్న మిత్రుడి ఫోన్ నంబరు పెట్టాలి. ఔట్‌పాస్ కోసమైనా, మదద్‌లో ఫిర్యాదుకైనా, బీమాకైనా, శవం రావడానికైనా అధికారులు మొదట అడిగేవి అవే.