మడమ రక్తపరీక్షలో ‘పాజిటివ్’ వస్తే బిడ్డకు జబ్బు ఉన్నట్టేనా?

కాన్పు అయి ఇంటికి వచ్చిన నాలుగైదు రోజులకు ఆస్పత్రి నుంచి ఫోన్ వస్తుంది. ‘‘బాబు రిపోర్ట్‌లో తేడా ఉంది, మళ్లీ రక్తం ఇవ్వాలి, రేపు తీసుకురండి’’ అని చెప్పి పెట్టేస్తారు. ఏడో రోజు అఖీఖాకు మేకల బేరం మాట్లాడుకుంటున్న ఇంట్లో ఒక్కసారిగా మాటలు ఆగిపోతాయి. ఇలా పిలిచిన పిల్లల్లో చాలామందికి రెండో పరీక్షలో ఏ జబ్బూ లేదని తేలుతుంది. కానీ ఆ మధ్య రోజుల్లో తల్లిదండ్రులు పడే బాధ గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు.

అసలు ఏమిటీ పరీక్ష?

పుట్టిన బిడ్డ మడమ దగ్గర చిన్నగా గుచ్చి, కొన్ని రక్తపు చుక్కలు ఫిల్టర్ పేపర్ మీద తీసుకుంటారు. 1960లలో అమెరికాలో రాబర్ట్ గుత్రీ అనే శాస్త్రవేత్త ఈ పద్ధతికి దారి వేశారు. పుట్టుకతో వచ్చే థైరాయిడ్ లోపం, అడ్రినల్ గ్రంథి సమస్య, జీ6పీడీ లోపం లాంటివి దీంతో ముందే దొరుకుతాయి. మన దేశంలో ఇది ఇంకా అందరికీ తప్పనిసరి కాలేదు. కేరళ, గోవా ప్రభుత్వాలు చేపట్టాయి. మన దగ్గర ఎక్కువగా ప్రైవేట్ ఆస్పత్రుల్లో డబ్బు కట్టి చేయించుకుంటున్నారు.

పరీక్ష అవసరమే. థైరాయిడ్ లోపం ఉన్న బిడ్డ పుట్టినప్పుడు మామూలుగానే కనిపిస్తుంది. మొదటి రెండు వారాల్లో మాత్ర మొదలుపెడితే చక్కగా ఎదుగుతుంది. ఆలస్యమైతే మెదడు ఎదుగుదల దెబ్బతింటుంది.

మరి తప్పు ఎక్కడ?

స్క్రీనింగ్ అంటే జల్లెడ పట్టడం. జబ్బు ఉన్న ఒక్క బిడ్డ కూడా తప్పిపోకూడదని జల్లెడ రంధ్రాలు చిన్నవిగా పెడతారు. అందుకే ఆరోగ్యంగా ఉన్నవాళ్లూ అందులో చిక్కుకుంటారు. పుట్టిన మొదటి 24 గంటల్లో టీఎస్‌హెచ్ దానంతట అదే పెరుగుతుంది. డిశ్చార్జ్ తొందరలో అప్పుడే రక్తం తీస్తే ఎక్కువ చూపిస్తుంది. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్లో అడ్రినల్ పరీక్ష అంకె ఎక్కువ రావడం మామూలే.

లెక్క చూద్దాం. ఐసీఎంఆర్ అధ్యయనం ప్రకారం మన దేశంలో సుమారు 1,130 మందిలో ఒకరికి పుట్టుకతో థైరాయిడ్ లోపం ఉంది. అంటే 10,000 మందిలో దాదాపు 9 మంది. ఆ 10,000 మందిలో 100 మందిని మళ్లీ పిలిచారనుకుందాం (ఇది అర్థం కావడానికి వేసుకున్న అంకె). అందులో జబ్బు ఉన్నది 9 మందికి. మిగతా 91 ఇళ్లలో ఏడుపు జబ్బు లేకుండానే వచ్చింది.

మనసు మీద పడే దెబ్బ

అసలే బాలింత. నిద్ర ఉండదు, ఒళ్లు కోలుకోలేదు. బిడ్డ ఊపిరి తీస్తుందో లేదో అని రాత్రంతా లేచి చూస్తుంది. తండ్రి బయటికి ఏమీ అనడు, ఫోన్‌లో జబ్బు పేరు వెతుకుతూ కూర్చుంటాడు. ఇంట్లో మాటలు మొదలవుతాయి: ‘‘కడుపుతో ఉన్నప్పుడు ఏం తిన్నావ్?’’, ‘‘నజర్ తగిలింది’’, ‘‘మీ ఖాందాన్‌లో ఎవరికైనా ఉందా?’’

అన్నీ తల్లి మీదికే వస్తాయి. ఇది అన్యాయం. అడ్రినల్ సమస్య లాంటివాటిలో లోపం ఉన్న జన్యువు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తేనే జబ్బు వస్తుంది. దగ్గరి చుట్టరికంలో పెళ్లిళ్లు జరిగిన ఇళ్లలో ఈ అవకాశం ఎక్కువ, నిజమే. కానీ అది ఒక్క తల్లి తప్పు ఎలా అవుతుంది?

ఏమీ లేదని తేలాక కూడా కొందరిలో భయం పోదు. బిడ్డకు జలుబు చేసినా ‘ఆ జబ్బే’ అనుకుంటారు. ప్రమాదం తప్పిన బిడ్డను ఎప్పటికీ బలహీనంగానే చూసే ఈ ధోరణిని 1964లోనే అమెరికా వైద్యులు గ్రీన్, సోల్నిట్ వివరించారు. 2006లో ‘పీడియాట్రిక్స్’ పత్రికలో వచ్చిన బోస్టన్ అధ్యయనంలోనూ ఇలాంటి తల్లిదండ్రుల్లో ఒత్తిడి ఎక్కువగా కనిపించింది. అయితే మళ్లీ పరీక్ష ఎందుకో సరిగ్గా తెలిసినవాళ్లలో, ఎదురుగా కూర్చోబెట్టి చెప్పినవాళ్లలో అది తక్కువగా ఉంది. అంటే ఒక మంచి మాట కూడా వైద్యమే.

ఫోన్ వస్తే ఏం చేయాలి?

* ఏ పరీక్షలో తేడా వచ్చింది, అంకె ఎంత, హద్దు ఎంత అని అడిగి రాసుకోండి.
* రక్తం పుట్టిన ఎన్ని గంటలకు తీశారో కనుక్కోండి. సాధారణంగా 48 నుంచి 72 గంటల మధ్య తీయడం మంచిది.
* ‘ఎలాగూ తప్పే అయి ఉంటుంది’ అని రెండో పరీక్ష మానొద్దు, వాయిదా వేయొద్దు. ఆ 9 మందిలో మీ బిడ్డ ఉండొచ్చు.
* డాక్టర్ ఆపమని చెబితే తప్ప తల్లిపాలు ఆపొద్దు.
* ఏమీ లేదని తేలితే ఆ మాట కాగితం మీద రాయించుకోండి. తర్వాత అనుమానం వచ్చినప్పుడల్లా అది పనికొస్తుంది.
* వారాలు గడిచినా తల్లికి ఏడుపు, నిద్రలేమి తగ్గకపోతే డాక్టర్‌కు చూపించండి.

ఆస్పత్రులు కూడా రక్తం తీసేటప్పుడే ‘‘మళ్లీ పిలవొచ్చు, పిలిస్తే జబ్బు ఉన్నట్టు కాదు’’ అని తల్లిదండ్రులకు వచ్చిన భాషలో, ఉర్దూ అయితే ఉర్దూలో, ఒక్క నిమిషం చెప్పాలి. ఇంట్లో పెద్దవాళ్లు దువా చేయండి, కోడలి పక్కన కూర్చోండి. రెండో రిపోర్ట్ వచ్చేదాకా ప్రశ్నలు ఆపండి.