పిల్లి పేలకు పసరు చుక్కలు

"ఆకుపసరే కదా, కీడేమి చేయును?" అని మనలో పెక్కురు తలంతురు. మేమును అట్లే తలంచితిమి. మా పిల్లి ఎడతెగక గోకికొనుచుండగా బొచ్చు పాయదీసి చూచితిమి. గెంతెడు పేలును, మిరియాలపొడి వంటి వాని పెంటయు కనబడెను. అంగడివాడు "కేవలము మూలికలే" యని యిచ్చిన చుక్కలమందును, చెప్పిన కొలతకు రెట్టింపుగా, వీపంతయు రాచితిమి. తొందర యెంతపని చేయును! గడియలోనే చొంగ కారెను, వెనుకకాళ్లు తూలెను. పశువైద్యుడు సీసా చూచి, అందలి లవంగతైలమును నీలగిరితైలమును పిల్లికి విషప్రాయములని చెప్పెను.

ఇట్టి తైలములను మన కాలేయమువలె పిల్లి కాలేయము త్వరగా విరిచి వెడలగొట్టజాలదు. పైగా అది ఒడలు నాకికొనును గావున పైపూత కడుపులోనికే పోవును. టీ ట్రీ తైలము, నిమ్మతొక్కల తైలము, కర్పూరము సైతము పనికిరావు. కుక్కలకై చేసిన పెర్మెత్రిన్ మందు ఇంకను ఘోరము, ప్రాణమే తీయవచ్చును.

చుక్కలు వాడదలచిన సోదరీమణులు, అవి పిల్లులకై చేసినవేనా యని చూచి, వైద్యునికి చూపి, పిల్లి తూకమునకు తగినంత మాత్రమే, నాలుక అందని మెడవెనుక చర్మముపై వేయవలయును. పసికూనలకు, చూలుపిల్లులకు వైద్యుడు చెప్పనిదే వలదు. చొంగ కారినచో గోరువెచ్చని నీట సబ్బుతో కడిగి, తుడిచి, సీసాతో కూడ వైద్యునికడకు కొనిపోవలయును. వణకు పుట్టినచో కడుగుటకైనను నిలువరాదు.

పేల గ్రుడ్లు పక్కలలోనికి రాలును గాన, పిల్లి పడుకొను గుడ్డలను వేడినీట ఉదుకనిచో ఏ మందు వేసినను అవి తిరిగి పుట్టుచునే యుండును. మా పిల్లి మూడవనాటికి తేరుకొనెను. ఇప్పుడు ప్రతి సాయంకాలము మా పిల్లలు పేలదువ్వెనతో దానిని దువ్వి, చిక్కిన పేలను సబ్బునీటిలో ముంచుచున్నారు.