ఊరు లేని జట్టు

మా చిన్నప్పుడు మా వీధి క్రికెట్ జట్టుకు ఆడుకోవడానికి జాగా లేదు. ఏ పేట వాళ్లు పిలిస్తే ఆ పేటకు సైకిళ్లేసుకుని పోయేవాళ్లం. అందుకే కాబోలు, లండన్‌లోని వాండరర్స్ ఫుట్‌బాల్ క్లబ్ కథ నా మనసుకు అంతగా పట్టేసింది. వాండరర్స్ అంటే దేశదిమ్మరులే. వాళ్లకూ సొంత మైదానం లేదు మరి.

హారో స్కూల్లో చదువుకున్న యువకులు కొందరు 1859లో ఎపింగ్ అడవి అంచున ఫారెస్ట్ అనే క్లబ్ పెట్టారు. 1864లో అదే వాండరర్స్ అయింది. జీతాల మాటే లేదు, ఆట మీద ఇష్టమే అంతా. వాళ్ల నాయకుడు చార్లెస్ ఆల్కాక్ ఫుట్‌బాల్ అసోసియేషన్‌కు కార్యదర్శి కూడా. ఎఫ్.ఎ. కప్ ఆయన ఆలోచనే. మొదటి పోటీకి పేరిచ్చినవి 15 క్లబ్బులు. 1872 మార్చి 16న ఓవల్ క్రికెట్ మైదానంలో ఫైనల్. గోల్ స్తంభాల మీద అడ్డకర్ర ఉండేది కాదు, పట్టీ కట్టేవారు. చూడ్డానికి వచ్చింది సుమారు 2,000 మంది. రాయల్ ఇంజనీర్స్ జట్టు మీద వాండరర్స్‌ను గెలిపించిన ఒకే ఒక్క గోల్ మోర్టన్ బెట్స్‌ది. ఆ రోజు ఆయన మారుపేరుతో ఆడాడు!

1873లో మళ్లీ గెలిచారు. 1876, 77, 78లలో వరసగా మూడుసార్లు. మూడుసార్లు వరసగా గెలిస్తే కప్పు శాశ్వతంగా వాళ్లదేనని అప్పటి నియమం. వాండరర్స్ దాన్ని తిరిగి ఇచ్చేశారు. ఇకపై ఎవరికీ శాశ్వతంగా ఇవ్వకూడదన్నదొక్కటే వాళ్ల షరతు. ఐదు కప్పుల కంటే నాకు ఈ పనే గొప్పది.

ఆ తర్వాత ఆ జట్టు ఎక్కువ కాలం నిలవలేదు. ఆటగాళ్లంతా ఏదో ఒక పెద్ద స్కూలు పూర్వ విద్యార్థులు. ఆ స్కూళ్ల పేరుతో కొత్త జట్లు లేచేసరికి ఎవరి గూటికి వాళ్లు చేరారు. 1878లో వాండరర్స్ తరఫున కప్పు గెలిచిన ఆర్థర్ కిన్నెయిర్డ్, మరుసటి ఏడు అలాంటి జట్లలో ఒకటైన ఓల్డ్ ఈటోనియన్స్‌తో గెలిచాడు. ఆ పోటీ మొదటి రౌండ్‌లోనే ఈటోనియన్స్ చేతిలో వాండరర్స్ 7-2తో ఓడారు. 1880 నాటికి కప్పు పోటీ నుంచే తప్పుకున్నారు. చివరికి ఏడాదికోసారి హారో స్కూలుతో ఆడే ఆట ఒక్కటే మిగిలింది, కొన్నాళ్లకు అదీ ఆగింది. మా అని చెప్పుకునే పేట ఒక్కటి ఉండుంటే ఆ జట్టు బతికేదని నా నమ్మకం.

1884 నుంచి 86 దాకా బ్లాక్‌బర్న్ రోవర్స్ కూడా వరసగా మూడుసార్లు గెలిచారు. వాండరర్స్ షరతు వల్ల వాళ్లకు కప్పు ఇవ్వలేదు. గుర్తుగా ఒక వెండి ఫలకం ఇచ్చారు.