టీఎల్‌డీ మాత్రకు ఏవి పడవు?

ప్రభుత్వ ఏఆర్‌టీ కేంద్రాల్లో హెచ్‌ఐవీకి ఇప్పుడు ఎక్కువమందికి ఇస్తున్న మందు టీఎల్‌డీ. టెనోఫోవిర్, లామివుడిన్ చెరి 300 మిల్లీగ్రాములు, డోలుటెగ్రావిర్ 50 మిల్లీగ్రాములు కలిపి చేసిన ఒకే మాత్ర, రోజుకొకటి. ఒకప్పుడు పూటపూటకూ గుప్పెడు మాత్రలు మింగించిన జబ్బుకు ఇది ఎంత ఊరటో పాత రోగులకు తెలుసు. పేద దేశాలకు మనిషికి ఏడాదికి సుమారు 75 డాలర్లకే దీన్ని అమ్ముతామని 2017లో ముందుకొచ్చిన అరబిందో, మైలాన్ లేబొరేటరీస్ రెండూ హైదరాబాద్ కంపెనీలే. మన దేశంలో ప్రభుత్వం హెచ్‌ఐవీ చికిత్సను (ఏఆర్‌టీ) 2004 నుంచి ఉచితంగా అందిస్తోంది.

ఈ మందుకు బలం ఎక్కడుందో, చిక్కూ అక్కడే ఉంది. వైరస్ తన ఆర్‌ఎన్‌ఏను డీఎన్‌ఏగా మార్చుకోకుండా మొదటి రెండు మందులు అడ్డుపడతాయి. వాటిని తప్పించుకుని తయారైన డీఎన్‌ఏను మన కణంలోని డీఎన్‌ఏకు అతికించే పని ఇంటిగ్రేజ్ అనే ఎంజైమ్‌ది. ఆ అతుకు పడాలంటే ఎంజైమ్‌లో రెండు మెగ్నీషియం అయాన్లు ఉండాలి. డోలుటెగ్రావిర్ సరిగ్గా వాటినే పట్టుకుని ఎంజైమ్‌ను స్తంభింపజేస్తుంది. లోహపు అయాన్లంటే దానికి అంత ఆకర్షణ. అయితే అవి పేగుల్లోనే ఎదురైతే అక్కడే వాటికి అతుక్కుపోతుంది. అలా అతుక్కున్న మందు రక్తంలోకి సరిగా చేరదు.

ఆ లోహాలు మన ఇళ్లలోనే ఉన్నాయి. గ్యాస్‌కు తాగే సిరప్‌లో అల్యూమినియం, మెగ్నీషియం ఉంటాయి. రక్తహీనతకు ఇచ్చేవి ఐరన్ మాత్రలు, ఎముకలకు ఇచ్చేవి కాల్షియం. అందుకే గ్యాస్ సిరప్ తాగడానికి కనీసం 2 గంటల ముందో, తాగిన 6 గంటల తర్వాతో టీఎల్‌డీ వేసుకోవాలి. ఐరన్, కాల్షియం మాత్రలను భోజనంతోపాటైతే దీనితో కలిపి వేసుకోవచ్చు. పరగడుపునైతే వాటికీ అదే ఎడం పాటించాలి. గర్భిణులకు రెండు రకాల మాత్రలూ రాస్తారు కాబట్టి ఈ సంగతి వారికి విడమర్చి చెప్పి తీరాలి. పాంటోప్రజోల్ వంటి గ్యాస్ మాత్రల్లో ఈ లోహాలు లేవు, వాటితో ఈ ఇబ్బందీ లేదు.

క్షయ మందు రిఫాంపిసిన్‌ది వేరే తీరు. అది కాలేయాన్ని ఉసిగొల్పి డోలుటెగ్రావిర్‌ను త్వరగా ఖర్చు చేయిస్తుంది. అందుకే టీఎల్‌డీ వేసుకున్న 12 గంటల తర్వాత డాక్టర్లు మరో 50 మిల్లీగ్రాముల డోలుటెగ్రావిర్ కలుపుతారు. మూర్ఛకు వాడే కార్బమజిపైన్, ఫెనిటాయిన్ కూడా రక్తంలో దాని స్థాయిని తగ్గించేస్తాయి. షుగర్‌కు వాడే మెట్‌ఫార్మిన్ విషయంలో జరిగేది తలకిందులు: రక్తంలో అదే పెరిగిపోతుంది, కనుక సాధారణంగా రోజుకు 1000 మిల్లీగ్రాములు దాటనివ్వరు. ఇక ఒళ్లునొప్పులకు డైక్లోఫినాక్ అదేపనిగా మింగితే టెనోఫోవిర్ వాడేవారి మూత్రపిండాలకు ముప్పు. క్రియాటినిన్ పరీక్ష రాసేది అందుకే.

ఒంట్లో బాగుంది కదా అని మందు ఆపడం వీటన్నిటికన్నా ప్రమాదం. వైరస్ సీడీ4 అనే కొన్ని రోగనిరోధక కణాల్లో నిద్రాణంగా దాగి ఉంటుంది. మందు ఆగితే చాలామందిలో కొద్ది వారాల్లోనే తిరిగి లేస్తుంది. మధ్యమధ్య మందు ఆపుతూ చికిత్స చేస్తే ఏమవుతుందో చూసిన స్మార్ట్ అధ్యయనంలో, ఆపినవారిలోనే జబ్బులు, మరణాలు ఎక్కువ కావడంతో 2006లో ఆ పద్ధతిని నిలిపేశారు. హెపటైటిస్-బి కూడా ఉన్నవారిలో ఈ మాత్రే దాన్నీ అదుపులో ఉంచుతుంది. హఠాత్తుగా ఆపితే కాలేయ వాపు తిరగబెట్టవచ్చు. ఒక రోజు మరిచిపోతే గుర్తొచ్చిన వెంటనే వేసుకోవాలి. తర్వాతి మాత్రకు వేళ దగ్గరపడి ఉంటే దాన్ని వేళకు వేసుకుంటే చాలు. రెండూ కలిపి మింగకూడదు. క్రమం తప్పకుండా వాడి, వైరల్ లోడ్ పరీక్షలో వైరస్ కనబడని స్థాయికి చేరి, అక్కడే నిలిచినవారి నుంచి లైంగికంగా హెచ్‌ఐవీ ఇతరులకు సోకదు.

నా దృష్టిలో ఇక్కడ అసలు శత్రువు గుట్టు. ఏఆర్‌టీ మందుల సంగతి చెప్పుకోలేక, మరో డాక్టర్ రాసిన మందులను పక్కనే మింగేస్తున్నవారికి హాని జరిగే అవకాశం ఎక్కువ. 2018 సెప్టెంబరులో అమల్లోకి వచ్చిన చట్టం ప్రకారం హెచ్‌ఐవీ ఉందన్న కారణంతో వైద్యంలో వివక్ష చూపడం నిషిద్ధం. బయటి డాక్టర్‌కు చెప్పడానికి ఇంకా మనసొప్పకపోతే, ఆ చీటీని, ఇంట్లో ఉన్న మాత్రల అట్టలను, వాడుతున్న ఆకు పసరులు ఉంటే వాటిని కూడా ఈసారి ఏఆర్‌టీ కేంద్రానికి తీసుకెళ్లి చూపించండి. ఈలోగా సందేహం వస్తే 1097కు ఫోన్ చేయండి. అది ఉచితం.