కుర్చీలో చేసే పనికీ కావాలి రక్షణ

కూర్చుని రాసేవారికి వచ్చే జబ్బులకు మూడు కారణాలున్నాయని ఇటలీ వైద్యుడు బెర్నార్డినో రామజ్జీని 1713లోనే రాశాడు. గంటల తరబడి కదలకుండా కూర్చోవడం ఒకటి. చేతిని ఎప్పుడూ ఒకే తీరుగా ఆడించడం రెండోది. ఎక్కడ తప్పు దొర్లుతుందోనని మనసును బిగబట్టుకుని ఉండటం మూడోది. ఆయన చూసింది దస్తావేజులు రాసే లేఖకులను, నోటరీలను. కలం పోయి టైపు మిషను వచ్చింది, అదీ పోయి కంప్యూటరు వచ్చింది. ఆ మూడు కారణాలు మాత్రం ఆఫీసును వదలలేదు. వాటికి ఇప్పుడు నాలుగోది తోడైంది. అది నాలుగు వైపులా అద్దాలు బిగించి, గాలినీ వెలుతురునూ యంత్రాలకు అప్పగించిన బహుళ అంతస్తుల భవనం.

గనిలోనో కర్మాగారంలోనో ప్రమాదం కంటికి కనిపిస్తుంది. ఆఫీసులో హాని చాలావరకు నెమ్మదిగా, ఏళ్ల తరబడి పేరుకుంటుంది. అందుకే నడుంనొప్పి వస్తే ఉద్యోగి తన వయసునో బద్ధకాన్నో తిట్టుకుంటాడు గానీ కుర్చీని అనుమానించడు. నిజానికి ఈ హానిలో పెద్ద భాగం పనిని, పనిచేసే చోటును అమర్చిన తీరులోంచే వస్తుంది. అమరికను సరిచేస్తే చాలావరకు తప్పుతుంది కూడా.

కూర్చోవడం

కదలని పనికీ గుండెజబ్బుకూ ఉన్న సంబంధాన్ని తొలిసారి గట్టిగా చూపించింది బ్రిటన్ వైద్యుడు జెర్రీ మోరిస్ బృందం. లండన్ డబుల్ డెక్కర్ బస్సుల్లో డ్రైవరు రోజంతా కూర్చునే ఉంటాడు. కండక్టరు రోజంతా మెట్లెక్కి దిగుతూ టికెట్లు కొడతాడు. కండక్టర్ల కంటే డ్రైవర్లలోనే గుండెజబ్బులు ఎక్కువని 1953లో వెలువడిన ఆ పరిశోధన తేల్చింది. తపాలా శాఖలోనూ ఇదే తేడా కనిపించింది. ఉత్తరాలు పంచుతూ తిరిగేవారి కంటే, బల్ల దగ్గర కూర్చునే గుమాస్తాలకే ముప్పు ఎక్కువ.

నడిచేటప్పుడు పిక్కల్లోని కండరాలు బిగుసుకుని వదులవుతూ కాళ్లలోని రక్తాన్ని పైకి తోస్తాయి. కూర్చుంటే ఆ తోపుడు ఆగిపోతుంది. సాయంత్రానికి పాదాలు వాచేది, కాళ్లు బరువెక్కేది అందుకే. వాడకం తగ్గిన కండరాలు రక్తంలోని చక్కెరను, కొవ్వును కూడా తక్కువగానే వాడుకుంటాయి. ముందుకు వంగి కూర్చుంటే వెన్నుపూసల మధ్య ఉండే డిస్కుల మీద ఒత్తిడి పెరుగుతుంది. మనిషి తల సుమారు 5 కిలోల బరువుంటుంది. అది నిటారుగా ఉన్నంతసేపూ మెడకు పెద్ద భారం కాదు, ముందుకు వాలినకొద్దీ మెడ కండరాలు మోయాల్సిన బరువు ఎన్నో రెట్లవుతుంది.

కుర్చీ ఎత్తు మార్చుకునే వీలుండాలి. పాదాలు నేలకు పూర్తిగా ఆని, మోకాళ్లు దాదాపు లంబకోణంలో ఉండటం సరైన ఎత్తుకు గుర్తు. పొట్టివారికి కాళ్ల కింద చిన్న పీట వేయాలి. నడుము ఒంపుకు కుర్చీ వీపు ఆనాలి. తెర పై అంచు కంటి ఎత్తున గానీ, కాస్త కిందగానీ, చేయి చాపినంత దూరంలో ఉండాలి. ల్యాప్‌టాప్‌తో వచ్చే చిక్కంతా దాని తెరా కీబోర్డూ అతుక్కుని ఉండటమే. తెరకు సరిపోయేలా పెడితే చేతులు ఎత్తాలి, చేతులకు సరిపోయేలా పెడితే మెడ వంచాలి. దాన్ని ఎత్తు మీద పెట్టి, కీబోర్డు, మౌసు విడిగా తగిలించుకుంటే మెడకూ చేతులకూ తెరిపి దొరుకుతుంది.

ఎంత మంచి కుర్చీ అయినా కదలికకు సాటిరాదు. అరగంటకోసారి లేచి రెండు నిమిషాలు నడవడం, ఫోను నిలబడి మాట్లాడటం, ఒకటి రెండు అంతస్తులకు మెట్లే వాడటం తేలికైన ఉపాయాలు. పది లక్షల మందికి పైగా సమాచారాన్ని కలిపి చూసిన ఒక విశ్లేషణ 2016లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. రోజుకు ఎనిమిది గంటలకు పైగా కూర్చునేవారిలో పెరిగే మరణ ముప్పు, రోజూ 60 నుంచి 75 నిమిషాలు వేగంగా నడవడంలాంటి శ్రమ చేసేవారిలో కనిపించలేదని అది చెప్పింది.

చేతులు, కళ్లు

మణికట్టు దగ్గర ఎముకలకూ బిగువైన పొరకూ మధ్య ఒక ఇరుకైన దారి ఉంటుంది. వేళ్లను కదిలించే స్నాయువులతో పాటు ఒక ముఖ్యమైన నరం కూడా అందులోంచే వెళుతుంది. మణికట్టును పైకి వంచి గంటలకొద్దీ పనిచేస్తే ఆ దారిలో ఒత్తిడి పెరిగి నరం నలుగుతుంది. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కడం, రాత్రిపూట ఆ తిమ్మిరికి మెలకువ రావడం దీని తొలి సూచనలు. ఈ దశలో పట్టించుకుంటే విశ్రాంతితోనూ మణికట్టును నిటారుగా ఉంచే పట్టీతోనూ చాలామందికి తగ్గుతుంది. నిర్లక్ష్యం చేస్తే పట్టు సడలి, శస్త్రచికిత్స దాకా పోవచ్చు.

మామూలుగా మనిషి నిమిషానికి 15 నుంచి 20 సార్లు రెప్ప వేస్తాడు. తెరను తదేకంగా చూసేటప్పుడు ఆ సంఖ్య సగానికి, ఒక్కోసారి అంతకంటే తక్కువకు పడిపోతుంది. కన్నీటి పొర ఆరిపోయి కళ్లు మండుతాయి, ఎర్రబడతాయి. ఏసీ గాలి ముఖానికి తగిలితే ఇది మరింత పెరుగుతుంది. దగ్గరి వస్తువునే చూస్తూ ఉండటం వల్ల కంటిలోని కండరాలూ అలసిపోతాయి. ప్రతి 20 నిమిషాలకోసారి 20 అడుగుల అవతల ఉన్న వస్తువును 20 సెకన్లు చూడమని కంటి వైద్యులు చెప్పేది ఈ అలసట తీరడానికే. తెర మీద కిటికీ వెలుగు పడి మెరవకుండా బల్లను కిటికీకి పక్కవాటుగా వేయాలి. రాతపనికి బల్ల మీద 300 నుంచి 500 లక్సుల వెలుతురు కావాలి.

మనసు

బ్రిటన్ ప్రభుత్వోద్యోగులపై 1967లో మొదలైన వైట్‌హాల్ అధ్యయనం అందరూ అనుకునేదానికి భిన్నమైన సంగతి బయటపెట్టింది. బాధ్యతల బరువు మోసే పై అధికారులకే గుండెజబ్బులు ఎక్కువని అప్పటిదాకా అనుకునేవారు. లెక్క తీస్తే అది తలకిందులైంది. అన్నిటికంటే కింది మెట్టున ఉన్నవారిలో గుండెజబ్బు మరణాలు పై మెట్టువారి కంటే సుమారు మూడు రెట్లున్నాయి. పొగతాగడం, రక్తపోటు లాంటివి లెక్కలోకి తీసుకున్నా ఆ తేడా పూర్తిగా పోలేదు. 1985లో మైకేల్ మార్మట్ నాయకత్వాన మొదలై పదివేల మందికి పైగా ఉద్యోగులను పరిశీలించిన రెండో అధ్యయనం మరో కారణాన్ని పట్టుకుంది. తన పని ఎప్పుడు, ఎలా చేయాలో నిర్ణయించుకునే వీలు ఏమాత్రం లేనివారికి గుండెజబ్బు ముప్పు ఎక్కువ. ఉద్యోగి మాటకు విలువ ఇవ్వడం మర్యాదతో ఆగదు, ఆరోగ్యానికీ అవసరమని దీనివల్ల తెలుస్తోంది.

పనిగంటల సంగతి ఇంకా తీవ్రమైంది. వారానికి 35 నుంచి 40 గంటలు పనిచేసేవారితో పోలిస్తే, 55 గంటలు, ఆపైన పనిచేసేవారికి పక్షవాతం ముప్పు 35 శాతం, గుండెజబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో ప్రకటించాయి. 2016 ఒక్క ఏడాదిలోనే అధిక పనిగంటల వల్ల 7,45,000 మంది చనిపోయారని అవి అంచనా వేశాయి. అమెరికా, ఐరోపా వేళల ప్రకారం రాత్రిపూట పనిచేసే హైదరాబాద్ ఐటీ ఉద్యోగులకు నిద్ర గడియారం తప్పడం అదనపు బరువు. శరీర గడియారాన్ని చెదరగొట్టే షిఫ్టు పనిని క్యాన్సర్‌కు కారణం కాగల వాటి జాబితాలో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2007లోనే చేర్చింది.

భయం లేకుండా పనిచేయగలగడం కూడా భద్రతే. పనిచోట లైంగిక వేధింపులపై సుప్రీంకోర్టు 1997లో ఇచ్చిన విశాఖ తీర్పు తర్వాత వచ్చిన 2013 చట్టం ప్రకారం పదిమంది, ఆపైన పనిచేసే ప్రతి చోటా లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీ ఉండి తీరాలి. శుభ్రమైన మరుగుదొడ్డి లేని ఆఫీసుల్లో చాలామంది మహిళలు నీళ్లు తాగడం తగ్గించేస్తారు. దాంతో మూత్రనాళ ఇన్ఫెక్షన్లు రావచ్చు. చిన్న విషయంగా తోసేసే ఇలాంటి లోపాలే ఆరోగ్యాన్ని ఎక్కువగా తినేస్తాయి.

గాలి

1968 జులైలో అమెరికాలోని పాంటియాక్ పట్టణంలో ఒక కార్యాలయ భవనంలో పనిచేసే 100 మందిలో 95 మంది జ్వరం, ఒళ్లునొప్పులు, తలనొప్పితో పడ్డారు. వచ్చిపోయినవారితో కలిపి 144 మందికి జబ్బు చేసింది, ఎవరూ చనిపోలేదు. 1976లో ఫిలడెల్ఫియా హోటల్లో ప్రాణాంతకమైన న్యుమోనియా వ్యాపించాక, మరుసటి ఏడాది లెజియోనెల్లా అనే బాక్టీరియాను గుర్తించారు. పాంటియాక్ జ్వరానికీ మూలం అదేనని ఆ తర్వాత తేలింది. ఆ బాక్టీరియా అక్కడి ఏసీ వ్యవస్థలో నిలవున్న నీటిలో పెరిగి, తుంపరలతో గాలిగొట్టాల్లోకి చేరి, భవనమంతా పాకింది. కూలింగ్ టవర్లను, నీటి ట్యాంకులను వేళకు శుభ్రం చేయడం, ఫిల్టర్లు మార్చడం ఎంత అవసరమో చెప్పడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

బయటి గాలిలో కార్బన్ డయాక్సైడు పదిలక్షల పాళ్లలో సుమారు 420 పాళ్లుంటుంది. గదిలో అది 1000 దాటిందంటే మనుషులు వదిలిన గాలే తిరిగి తిరిగి వస్తోందని అర్థం. మధ్యాహ్నం మీటింగు గదిలో ముంచుకొచ్చే మత్తుకు భోజనం ఒక్కటే కారణం కాకపోవచ్చు.

నిప్పు, కరెంటు

2010 ఫిబ్రవరి 23న బెంగళూరు కార్ల్‌టన్ టవర్స్‌లో మంటలు లేచి తొమ్మిది మంది చనిపోయారు. పొగకు తాళలేక కొందరు కిటికీల్లోంచి దూకారు. 2023 మార్చి 16న సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్సులో ఆరుగురు యువ ఉద్యోగులు పొగకు ఊపిరాడక ప్రాణాలు వదిలారు. ఆఫీసు భవనాల్లో మంట కంటే ముందు చంపేది పొగే. కేబుళ్లు, ఫోము, ప్లాస్టిక్కు కాలితే వచ్చే పొగలోని కార్బన్ మోనాక్సైడు కొద్ది నిమిషాల్లోనే స్పృహ తప్పిస్తుంది.

అందుకే రెండో మెట్లదారి తప్పనిసరి. దానికి తాళం వేయడం, అక్కడ పాత ఫైళ్లూ విరిగిన కుర్చీలూ పేర్చడం ప్రాణాలతో చెలగాటం. మెట్ల తలుపు పొగను ఆపాలంటే దాన్ని మూసే ఉంచాలి, కానీ తోస్తే తెరుచుకోవాలి. పొగలో ఇరుక్కున్నవారు నేలకు దగ్గరగా వంగి కదలాలి, లిఫ్టు ఎక్కకూడదు. కరెంటు మంట మీద నీళ్లు పోయకూడదు, కార్బన్ డయాక్సైడు లేదా పొడి చల్లే ఆర్పే పరికరం వాడాలి. ఏడాదికి రెండుసార్లయినా అందరూ కలిసి భవనం దిగే సాధన చేస్తే, నిజంగా ముప్పు వచ్చినప్పుడు కాళ్లు వాటంతటవే దారి పడతాయి.

చాలా మంటలకు మూలం కరెంటే. ఒకే ప్లగ్గుకు నాలుగైదు పరికరాలు తగిలించడం, తివాచీ కింద తీగలు లాగడం, వేడెక్కిన స్విచ్చిని పట్టించుకోకపోవడం మానాలి. ఆఫీసుల్లో ఎక్కువగా జరిగే గాయాలు మాత్రం జారిపడటం, తట్టుకుని పడటం వల్లే. అడ్డంగా పడున్న తీగ, తుడిచి ఆరని నేల, తీసి వదిలేసిన సొరుగు వాటికి మామూలు కారణాలు.

చట్టం, బాధ్యత

1948 నాటి ఫ్యాక్టరీల చట్టం ఆఫీసుల జోలికి రాలేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1988లో వచ్చిన దుకాణాలు, సంస్థల చట్టం పనివేళలను, సెలవులను చూసుకుంది. పదిమంది, ఆపైన పనిచేసే సంస్థలకు వర్తించే వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్‌ను పార్లమెంటు 2020లో ఆమోదించింది. అది 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. ప్రమాదం లేని పనిచోటును కల్పించే బాధ్యతను అది యజమానిపై పెట్టింది. సురక్షితమైన, ఆరోగ్యకరమైన పని వాతావరణాన్ని కార్మికుల ప్రాథమిక హక్కుల్లో ఒకటిగా అంతర్జాతీయ కార్మిక సంస్థ 2022 జూన్‌లో చేర్చింది.

ప్రతి సంస్థా కనీసం ఏడాదికోసారి తన కుర్చీలు, గాలి, వెలుతురు, తీగలు, మెట్లదారులు, పనిగంటలు తనిఖీ చేసి, కనిపించిన లోపాలను ఎవరు ఎప్పటిలోగా సరిచేయాలో రాసిపెట్టుకోవాలి. ఉద్యోగి వంతు పని తనకిచ్చిన సదుపాయాన్ని వాడుకోవడం, నొప్పి మొదట్లోనే చెప్పడం, మూసిన దారిని, తెగిన తీగను చూసీచూడనట్లు పోకపోవడం. ఫిర్యాదు చేసినవారిని గొడవమనిషిగా చూడని ఆఫీసులోనే ఉద్యోగి వంతు పని జరుగుతుంది. ఆ నమ్మకం కలిగించాల్సింది కూడా యాజమాన్యమే.